తనవాళ్ల కోసం బ్రతికిన మనిషి

మనిషి పోయిన తరువాత అతన్ని గురించి నాలుగు మంచిమాటలు చెప్పటం అన్ని దేశాల్లోనూ ఉన్న ఆచారమే. ఆ నాలుగింటిలో తప్పకుండా వినపడే మాట ఒకటుంది: ‘‘ఆయన తన కుటుంబం కోసం, తనవాళ్ల కోసం బ్రతికాడు.’’ ఈ మాట విన్నప్పుడల్లా నాకు అనుమానం కలిగేది. తనవాళ్ల కోసం బ్రతకనివాడెవడు? భూమి చేజారకుండా పాలేళ్ల పేర్లమీద దొంగపట్టాలు పుట్టించిన భూస్వామి కూడా తన పిల్లల కోసమే పుట్టించాడు. కూతురి కట్నం కోసం లంచాలు పట్టే ఉద్యోగి తనవాళ్ల కోసమే పడుతున్నాడు. కులసంఘం భవనానికి లక్షలు చందా ఇచ్చి, ఆ భవనం కట్టిన కూలీలకు మాత్రం కూలి ఎగ్గొట్టే పెద్దమనిషికి సంఘసేవకుడని సన్మానం జరుగుతుంది. కనక కుటుంబం మీద ప్రేమ దానంతట అది గుణం కాదు, అది ఏ వర్గప్రయోజనానికి కాపలా కాస్తున్నదో చూసిగాని విలువ కట్టకూడదు అని ముప్పయ్యేళ్లపాటు కాలేజీలో పిల్లలకు చెప్పాను. చెప్పింది తప్పని ఇప్పుడూ అనుకోను. అయితే అందులో ఒక ముఖ్యమైన విషయం జారిపోయిందని మాత్రం 2023 ఫిబ్రవరిలో ఒక చావింట్లో కూచుని ఉండగా తోచింది.

ఆ ఇల్లు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో, అలెగ్జాండ్రియా అనే ఊళ్లో ఉంది. పొటోమాక్ నదికి అటు వాషింగ్టన్, ఇటు ఈ ఊరు. పోయినాయన ఇథియోపియా దేశస్థుడు. నాకన్న నాలుగైదేళ్లు చిన్న. పేరు రాయటం లేదు, ఇంట్లోవాళ్లు వద్దన్నారు. మా అమ్మాయి కాపురం అక్కడే కావటం చేత, ఉద్యోగం వదిలాక రెండు మూడేళ్లకొకసారి వెళ్లి ఆర్నెల్లు ఉండి వస్తుంటాను. 2014లో అక్కడి లైబ్రరీలో పత్రిక చదువుకుంటూ ఉంటే ఎదటి కుర్చీలో మనిషి, ‘‘ఇండియనా?’’ అని అడిగాడు. అవునన్నాను. ‘‘టీచరా?’’ అన్నాడు. నాకు ఆశ్చర్యమైంది. నా మొహాన రాసి ఉన్నదా అన్నాను. ఆయన నవ్వి, తన చిన్నతనంలో ఇండియన్ అంటే టీచరని ఒకే అర్థం అన్నాడు.

అది నిజమే. ఇటలీ ఫాసిస్టులు 1936 నుంచి 1941 దాకా ఆ దేశాన్ని ఆక్రమించుకుని, చదువుకున్న తరాన్ని దాదాపు తుడిచిపెట్టిపోయారు. తిరిగి గద్దె ఎక్కిన హైలే సెలాసీ చక్రవర్తి బడులు పెట్టటానికి బయటి దేశాలనుంచి ఉపాధ్యాయులను రప్పించాడు. అలా వెళ్లినవారిలో మనదేశంవాళ్లు, ముఖ్యంగా మలయాళీలు, చాలామంది. దెస్సీ పట్నం హైస్కూల్లో ఈయనకు లెక్కలు చెప్పిందీ, వేళ్ల కణుపులమీద స్కేలుతో కొట్టిందీ మనవాడే. అందుచేత నన్ను చివరిదాకా ‘ఆస్తెమారి’ అనే పిలిచాడు. అమ్హారిక్ భాషలో పంతులని అర్థం. వాళ్ల విషయం మనకు అంత మాత్రం కూడా తెలియదు. హైదరాబాదులో హబ్సీగూడ స్టాపులో రోజూ బస్సెక్కేవాళ్లలో హబ్షీ అంటే అబిసీనియా మనిషని ఎందరికి తెలుసు? ఏసీ గార్డ్స్ అంటే నిజాముగారి ఆఫ్రికన్ అశ్వదళమని ఎందరికి తెలుసు? సరే, ఆ సంగతి వేరు.

ఆయన కథ ఒకేసారి వినలేదు. రాత్రిళ్లు టాక్సీ నడిపేవాడు కనక పగలు, నిద్రకూ నిద్రకూ మధ్య, లైబ్రరీలో చెప్పేవాడు. 1973లో వొల్లో రాష్ట్రంలో కరువు వచ్చినప్పుడు దెస్సీ పక్కనుంచి పోయే రోడ్డు పొడుగునా జనం కూలబడి చచ్చిపోతుంటే బడికి పోయే పిల్లవాడుగా చూశాడు. చక్రవర్తి ప్రభుత్వం ఆ కరువును లోకానికి తెలియకుండా దాచింది. ఆ దేశపు విద్యార్థులు అంతకు ముందే, 1965లో, పార్లమెంటు ముందుకు ఊరేగింపుగా వెళ్లి ఒక నినాదం ఇచ్చారు: ‘మెరెత్ లరాషు’. అర్థం ఏమిటని అడిగాను. దున్నేవాడికే భూమి, అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఊళ్లో గోడలమీద నీలిమందుతో రాసి ఉన్న ఆ మాటలు చదువుకుంటూనే నేను అక్షరాలు నేర్చుకున్నాను.

1974 సెప్టెంబరు 12న సైనికాధికారులు చక్రవర్తిని దింపి, చిన్న ఫోక్స్ వాగన్ కార్లో ఎక్కించుకుపోయారు. ‘దెర్గ్’ అనే సైనిక కమిటీ పాలన మొదలైంది. హైస్కూలు పెద్ద తరగతులవాళ్లనూ, విశ్వవిద్యాలయం విద్యార్థులనూ సుమారు 60 వేల మందిని పల్లెలకు పంపారు. ఈయన దక్షిణాన సిదామోకు వెళ్లాడు. 1975 మార్చి 4న భూమి శాసనం వచ్చింది. మన భూపరిమితి చట్టం అమల్లోకి వచ్చిన రెండు నెలలకన్నమాట. పల్లెల్లోని భూమి అంతా ప్రజల ఆస్తి, ఏ కుటుంబమూ 10 హెక్టార్లకు మించి సాగుచేయటానికి వీల్లేదు, కౌలు లేదు. ఆ శాసనాన్ని ఒక చెట్టుకింద పైకి చదివి వినిపించిన కుర్రాడు ఈయన. భాష రాదు, పక్కన ఒకడు తర్జుమా చేస్తున్నాడు. ఒక ముసలి కౌలుదారు మళ్లీ చదవమన్నాడట. మళ్లీ చదివాడు. మూడోసారి కూడా చదివించుకుని, ‘‘అయితే ఇక పండక్కి దొరగారింటికి తేనె మోసుకుపోనక్కరలేదా?’’ అని అడిగాడట. వెట్టి అంటే ఏమిటో ఎరిగిన తెలుగువాడికి ఆ ప్రశ్నకు వ్యాఖ్యానం అక్కరలేదు. తన జీవితంలో సంపూర్ణంగా సంతోషంగా ఉన్నది ఆ ఒక్క సంవత్సరమేనని ఆయన నాతో రెండుమూడు సార్లు అన్నాడు.

తరువాత జరిగింది లోకానికి తెలిసినదే. ప్రజాప్రభుత్వం కావాలన్న విద్యార్థి పార్టీకీ సైనిక కమిటీకీ చెడింది. 1977 ఫిబ్రవరిలో మెంగిస్తు తన తోటి నాయకులను చంపించి సర్వాధికారి అయ్యాడు. ఏప్రిల్లో అడిస్ అబాబా కూడలిలో సభ పెట్టి, ఎర్రటి ద్రవం నింపిన సీసాలు నేలకేసి పగలగొట్టి, శత్రువుల నెత్తురు ఇలాగే పారుతుందన్నాడు. అన్నట్టే పారించాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఎర్ర భీభత్సం’. ఈయన అన్న విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ విద్యార్థి పార్టీలో ఉండేవాడు. ఆ పార్టీవాళ్లు కూడా తుపాకులు పట్టారనీ, అవతలి వామపక్షంవాళ్లను వీధుల్లో కాల్చారనీ ఈయన దాచలేదు. 1977లో ఒక ఉదయం అన్న శవం రోడ్డుమీద దొరికింది. మెడలో అట్ట కట్టి ఉంది. శవాన్ని తీసుకుపోవటానికి తుపాకిగుండు ఖరీదు కట్టించుకున్న సందర్భాలు ఆ రోజుల్లో చాలా ఉన్నాయి. వీళ్లకూ అదే జరిగింది. దానికన్న ఘోరమైనదిగా ఈయన చెప్పుకున్నది మరొకటి. తల్లిని ఏడవనివ్వలేదు. విప్లవ ద్రోహికోసం ఏడవటం నేరం. ఆ దేశంలో చావింటికి మూడురోజులపాటు ఊరంతా వచ్చి కూచుంటుంది. వీళ్లింటికి ఎవరూ రాలేదు. వస్తే వాళ్ల పేర్లు పేట కమిటీవాళ్లు రాసుకుంటారు. తల్లి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చిందట.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పక తప్పదు. అదే 1977లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆఫ్రికాలో సోషలిస్టు విప్లవం అనే విషయం మీద మా కాలేజీ విద్యార్థులకు ఉపన్యాసం ఇచ్చాను. భూమి శాసనాన్ని గురించి వివరంగా చెప్పాను. ఒక కుర్రాడు లేచి, అక్కడ వేలమందిని చంపుతున్నారని పేపర్లో వచ్చిందండీ అన్నాడు. ఆ పేపరు ఎవరిదో చూడవోయ్ అన్నాను. అందరూ నవ్వారు. సోవియట్ యూనియన్ బలపరుస్తున్న ప్రభుత్వం తప్పు చేస్తుందంటే నమ్మటానికి ఆనాడు నేను సిద్ధంగా లేను. ఆ నవ్వు నాకు బాగా జ్ఞాపకం. ఈయనకు చెప్పటానికి మూడేళ్లు పట్టింది. చెప్పిన రోజున కోపం వస్తుందనుకున్నాను. ‘‘1975లో అయితే నేనూ ఆ కుర్రాడికి అదే సమాధానం చెప్పేవాణ్ణి’’ అన్నాడు. కొంతసేపాగి, ‘‘అయితే, ఆస్తెమారీ, భూమి శాసనాన్ని తప్పనొద్దు. ఆ ముసలాయన మొహం నువ్వు చూళ్లేదు’’ అన్నాడు. అన్నను పోగొట్టుకున్నవాడు ఈ మాట అనగలిగాడు. దగ్గరి చుట్టాల్లో ఒక్కరికి కూడా దెబ్బ తగలని మన మేధావులు కొందరు 1991 తరువాత మొత్తం సిద్ధాంతాన్నే తుడిచి చెత్తబుట్టలో వేసి, ఎంత తేలిగ్గా బయటపడ్డారు!

1978లో ఈయన గోందర్ మీదుగా రాత్రిళ్లు నడిచి సరిహద్దు దాటాడు. గెదారెఫ్‌లో, ఖార్టూమ్‌లో నాలుగేళ్లు కాందిశీకుడుగా ఉన్నాడు. అమెరికా ప్రభుత్వం 1980లో కాందిశీకుల చట్టం చేసింది. దాని కింద 1982లో వాషింగ్టన్ చేరాడు. కార్లు నిలిపే స్థలంలో గాజుగదిలో కూచుని చీటీలు చింపటం మొదటి ఉద్యోగం. ఆ తరువాత టాక్సీ. అమెరికాలో ఇథియోపియావాళ్లు మరెక్కడా లేనంత మంది ఆ నగరం చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్లలో మొదటి తరం మగవాళ్లు చాలామంది చేసినవి ఈ రెండు పనులే. ఆయన టాక్సీ కొన్నది కూడా ‘ఎఖూబ్’ డబ్బుతో. ఇది మన చీటీపాట లాంటిదే గాని పాట ఉండదు, తగ్గింపు ఉండదు, నెలకొకరికి వంతు. భార్య ముసలివాళ్ల శరణాలయంలో ఆయా. ఇద్దరు పిల్లలు. అన్న విద్యార్థిగా ఉండగానే పెళ్లిచేసుకుని ఒక ఆడపిల్లను కన్నాడు. ఆ పిల్లను రప్పించుకోటానికి ఈయనకు పదకొండేళ్లు పట్టింది. వాళ్లకు ఇంటిపేర్లు లేవు. తన పేరు పక్కన తండ్రి పేరు, అంతే. పెళ్లయినా ఆడవాళ్లు పేరు మార్చుకోరు. కనక ఒకే ఇంట్లో భర్తకొక పేరు, భార్యకొక పేరు, పిల్లలకు మరొకటి. స్కూలువాళ్లు మీరంతా ఒకే కుటుంబమేనా అని అడిగేవారట. అన్న కూతురికి మాత్రం కాగితాలమీద తన పేరు పెట్టించవచ్చు, పని తేలికయ్యేది, పెట్టించలేదు. ఆ పిల్ల పేరు పక్కన చచ్చిపోయిన తండ్రి పేరే ఉంచాడు.

పోతే, ‘ఇదిర్’. ఈ మాటను కొంచెం వివరించాలి, ఎందుకంటే ఆయన జీవితమంతా దానిచుట్టూ తిరిగింది. చావు ఖర్చులకోసం జనం తమలో తాము పెట్టుకునే సంఘం ఇది. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి పట్నాల్లో పుట్టి పెరిగింది. ప్రతి ఇల్లూ నెలకింత కట్టాలి. ఎవరింట్లో చావు జరిగినా డేరా, కుర్చీలు, వంటపాత్రలు, డబ్బు, మోసే మనుషులు సంఘమే సమకూరుస్తుంది. డబ్బు కట్టినంత మాత్రాన చాలదు. మనిషి వెళ్లి చావింట్లో కూచోవాలి, వెళ్లకపోతే జుర్మానా. మనకూ చావు సాయం ఉంది గాని అది కులం చెప్పుచేతల్లో ఉంటుంది. కులంవాళ్లు ముట్టని శవం పడే పాట్లు మనకు తెలుసు. ఇదిరు చాలాచోట్ల పేటను బట్టి ఏర్పడుతుంది. క్రైస్తవుడూ ముస్లిమూ ఒకే పుస్తకంలో ఉంటారు. చక్రవర్తి పోయాడు, దెర్గ్ పోయింది, ఇదిరు పోలేదు. అలెగ్జాండ్రియాలో టాక్సీవాళ్లు నూరుమంది దాకా కలిసి పెట్టుకున్న ఇదిరుకు ఈయన ఇరవై ఆరేళ్లు కోశాధికారి. శవాన్ని విమానంలో అడిస్ అబాబాకు పంపాలంటే ఒక టాక్సీవాడి ఇల్లు గుల్లవుతుంది. లెక్కల పుస్తకం నాకు చూపించాడు. ప్రతి పేజీకీ రెండు తేదీలు. వాళ్ల పంచాంగం మనదానికన్న ఏడెనిమిదేళ్లు వెనక.

మొదట నేను దీన్ని చిన్నచూపు చూశాననే చెప్పాలి. భూమి శాసనం చదివిన మనిషి చివరికి శవాల లెక్కలు రాస్తున్నాడే అనుకున్నాను. ఉద్యమం నుంచి ఇంటికి, ఇంటినుంచి చావింటికి కుంచించుకుపోయిన జీవితం కింద లెక్క వేశాను. ఆయన ‘ప్రజలు’ అనే మాట వాడగా నేను వినలేదు. ఫలానావాడి మోకాలు, ఫలానావాడి కొడుకు పరీక్ష — ఆయన మాట్లాడేదంతా ఇదే. ఒకసారి ఉండబట్టలేక, అమెరికాలో టాక్సీ కార్మికుల సంఘంలో ఎందుకు పనిచేయవు అని అడిగాను. అందులో చందా కడుతున్నాననీ, ఊరేగింపులకు వెళతాననీ, నాయకుడుగా మాత్రం ఉండననీ చెప్పాడు. ఎందుకని అడిగితే, ‘‘నాయకుడు జనాన్ని లెక్కపెడతాడు. నాకు పేర్లు మాత్రమే వచ్చు’’ అన్నాడు. అది తప్పించుకోటమే అని ఆనాడు నా అభిప్రాయం. సగం ఇప్పుడూ అదే. నూరు పేర్లు తెలిసినవాడు నూరుమందికి సాయపడగలడు గాని లక్షమందికి ప్రమాద బీమా తేలేడు. దానికి లెక్కపెట్టేవాడు కావలసిందే.

కాని ఆయన పుస్తకం ఎంత పెద్ద రాజకీయమో నాకు 2020 తరువాతగాని అర్థం కాలేదు. ఆ ఏడు నవంబరులో టిగ్రేలో యుద్ధం మొదలై 2022 నవంబరులో సంధి కుదిరేదాకా సాగింది. అక్కడ చచ్చేవాళ్లకు వాషింగ్టన్‌లో అన్నదమ్ములున్నారు, చంపేవాళ్లకూ ఉన్నారు. ఇరవై ఏళ్లు ఒకే పళ్లెంలో ఇంజెరా తిన్నవాళ్లు, ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకున్నవాళ్లు, మాట్లాడుకోటం మానేశారు. చర్చీలు చీలాయి, ఇదిర్లు చీలాయి. ఈయన అమ్హారా, భార్య తల్లివైపున టిగ్రే. సభ పెడితే కొట్టుకుంటారని సభ పెట్టడం మానేశాడు. నెలనెలా తనే ఇంటింటికీ వెళ్లి చందా వసూలు చేయటం మొదలుపెట్టాడు, మోకాళ్ల నొప్పులతో. ఒక గదిలో కూచోటానికి ఒప్పుకోనివాళ్ల పేర్లు కనీసం ఒక పుస్తకంలో ఉంటాయి గదా అని. తిట్లు తిన్నాడు. ఒకతను తలుపు తీయలేదు. కింద సందులోంచి డబ్బు నెట్టాడు. దానికి రసీదు రాసి అదే సందులోంచి లోపలికి నెట్టి వచ్చాడు. పదకొండు కుటుంబాలు వెళ్లిపోయి వేరే సంఘం పెట్టుకున్నాయి. మిగిలినవాళ్లు మిగిలారు. ఇందులో గొప్ప విజయం ఏదీ లేదు. అమెరికాలో మన తెలుగు సంఘాలు ఏ యుద్ధమూ లేకుండానే కులాలవారీగా చీలి, ఎవరి ఉగాది వాళ్లు చేసుకుంటున్న సంగతి ఎరిగినవాణ్ణి గనక నాకు ఆ రసీదు పెద్దదిగానే కనపడింది.

ఆయన చావుకు నేను వెళ్లాను. 2023 ఫిబ్రవరి మొదటివారం, మంచు కురుస్తోంది. చర్చికి అనుబంధంగా ఉన్న హాల్లో మూడురోజులూ జనం. రాకపోకలు మానుకున్నవాళ్లు కూడా వచ్చారు. ఒకరి పక్కన ఒకరు కాదు, హాలుకు ఆ చివరా ఈ చివరా కూచున్నారు. తలుపు తీయనతను కూడా వచ్చాడని తరువాత తెలిసింది. కుర్రవాళ్లు ‘గాషే, గాషే’ అని ఏడ్చారు, మనం అన్నగారూ అన్నట్టు. ఉపన్యాసాలు అయ్యాయి. ప్రతివాడూ ఆ మాటే: కుటుంబం కోసం బ్రతికాడు, తనవాళ్ల కోసం బ్రతికాడు. చివరికి ఆయన సొంత కూతురు లేచింది. ఆ పిల్ల నర్సు. ‘‘మా నాన్న మేలుకొని ఉండగా నేను చూసినదానికన్న నిద్రపోతుండగా చూసింది ఎక్కువ’’ అన్నది. మాకోసం బ్రతికాడంటున్నారు, నిజమే, కాని మాతో బ్రతకటానికి ఆయనకు తీరిక దొరకలేదు అన్నది. హాలు నిశ్శబ్దమైపోయింది. పెద్దవాళ్లు కొందరికి కష్టం తోచినట్టుంది. నాకు మాత్రం ఆ రోజున మాట్లాడినవాళ్లలో అర్థశాస్త్రం తెలిసినది ఆ పిల్ల ఒక్కతేనేమో అనిపించింది. రోజుకు పద్నాలుగు గంటలు చక్రం పట్టుకుంటేగాని అద్దె, దెస్సీకి పంపే డబ్బు, ఇదిరు చందా గడవవు. ఫోనులో పిలిచే కార్ల కంపెనీలు వచ్చాక ఆ పద్నాలుగు గంటలకూ వచ్చే డబ్బు తగ్గింది. ఆయన దగ్గర నలభయ్యేళ్లు పని తీసుకున్న నగరం ఆయన శవపేటిక ఖరీదులో ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. అది తోటి టాక్సీవాళ్లు ఇచ్చారు. ఇచ్చినందుకు వాళ్లను మెచ్చుకుంటాం. మెచ్చుకుంటూ, వాళ్లే ఎందుకు ఇవ్వవలసివచ్చిందో అడగటం మరిచిపోతాం. త్యాగం మీద చేసే స్తోత్రాలతో ఉన్న చిక్కు ఇదే: త్యాగం చేయించినవాడి పేరు వాటిలో రాదు.

భార్య పేరు కూడా రాలేదు. వాళ్లింట్లో నేను ఎన్నిసార్లు కాఫీ తాగానో లెక్కలేదు. వాళ్ల కాఫీ మూడు వంతులు: మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. పచ్చిగింజలు ఎదటే వేయించి, దంచి, కాచి పోస్తారు. రెండు గంటల పని. ఆ తల్లి శరణాలయంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి నాకోసం చేసేది. ఆయన ఇంట్లో ఆదరణ గొప్పదని నేను ఇండియాకు ఉత్తరాలు రాశాను. ఆదరణ ఆయనది, చాకిరీ ఆవిడది. దీన్ని కూడా ‘కుటుంబం కోసం’ అనే మాట కిందికే తోసేశాం.

మరి ఆ మాటను ఏం చేయాలి? అది అబద్ధమని కొట్టిపారేయాలా? నేను అలా చేయలేకపోయాను. 1884లో ఎంగెల్స్ కుటుంబం పుట్టుకను గురించి రాసిన పుస్తకాన్ని మనం పాఠంలా వల్లించాం: ఆస్తిని కాపాడుకోటానికే ఈ కుటుంబం ఏర్పడింది అని. ఆస్తి లేని శ్రామికుడి ఇంటికి ఆ పునాది లేదని కూడా ఆయన అందులోనే చెప్పాడు. ఆ పేజీని మనం త్వరగా తిప్పేశాం. సరిహద్దు దాటిననాడు ఈయనకు చెప్పులు కూడా లేవు. అన్న కూతుర్ని తెచ్చుకోటానికి పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరగటంలో ఏ ఆస్తి ఉంది? దొంగపట్టా పుట్టించిన భూస్వామీ, ఈయనా ‘తనవాళ్ల కోసం’ అనే ఒకే మాట వాడుతున్నారు గాని, ఆ మాటకు భూస్వామి ఇంటిలో చేసే పని గోడ కట్టటం. ఇక్కడ చేసేది వేరు. ‘తనవాళ్లు’ అనే జాబితాలో ఈయన ఎప్పుడూ ఒకరిని చేరుస్తూనే ఉన్నాడు. కొట్టివేతలు ఆ పుస్తకంలో పదకొండే. అవీ ఎదటివాళ్లు కొట్టించుకున్నవి.

ఇంకొక సంగతి ఉంది. అది చావింట్లోనే తట్టింది. ఏడవటం నేరమైన ఇంటినుంచి వచ్చినవాడు ఇరవై ఆరేళ్లు ఏ పని చేశాడు? ఎవరి చావుకైనా మనుషులు వచ్చి కూచునేట్టు చూశాడు. రాకపోతే జుర్మానా వేశాడు. నేను కుంచించుకుపోయిందనుకున్నది అసలు కుంచించుకుపోలేదు. ప్రజల పేరుమీద చంపి, చచ్చినవాడు ప్రజల్లో లేడని ప్రకటించిన ప్రభుత్వానికి ఆయన ఇచ్చిన జవాబు అది. జవాబు పూర్తిదా? కాదు. ఆ జవాబుతో భూమి పంచలేం. కాని ఆ జవాబును వినకుండా భూమి పంచటానికి బయలుదేరితే ఏమవుతుందో అడిస్ అబాబా రోడ్లమీద చూశాం. 1977లో నేను నవ్వించిన క్లాసులో ఆ కుర్రాడు అడిగింది సిద్ధాంతాన్ని గురించి కాదు, చచ్చిపోయిన మనుషుల్ని గురించి. వాడి పేరు నాకు జ్ఞాపకం లేదు. క్లాసులో నలభై మందని మాత్రం జ్ఞాపకం ఉంది.

నలభయ్యో రోజు స్మరణ వాళ్ల పెద్ద ఉపవాసాల్లో పడింది. పప్పులూ ఆకుకూరలూ పెట్టారు. భోజనాల తరువాత అన్న కూతురు ఒక కవరు తెచ్చి నా చేతికిచ్చింది. లోపల ఒక ఫొటో: పలచటి గడ్డం, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, ఇరవై రెండేళ్లుంటాయి. అడిస్ అబాబాలో 2010లో ఆ భీభత్సపు మృతుల జ్ఞాపకార్థం మ్యూజియం పెట్టారు. గోడల నిండా అలాంటి ఫొటోలున్నాయి. 2012లో ఈయన ఈ ఫొటో ఇచ్చిరావాలని అక్కడికి వెళ్లాడు. ఒక పూటంతా ఆ గదుల్లో తిరిగి, ఫొటో ఇవ్వకుండానే తిరిగి వచ్చాడు. ఎందుకో ఆ పిల్లకు చెప్పలేదు. నాకు మాత్రం ఒకసారి అన్నాడు: గోడమీద ఉన్నవాళ్లంతా అమరవీరులు, నా అన్న నాకు సైకిలు నేర్పిన మనిషి, ఏ వరసలో పెట్టమనాలో తెలియలేదు అని.

పంపమంటారా, ఉంచుకోమంటారా, ఆస్తెమారీ, అని ఆ పిల్ల అడిగింది. నువ్వే ఒక కాపీ తీయించి ఉంచుకుని, అసలుది పంపమన్నాను. ఆలోచిస్తానన్నది. ఇదిరు పుస్తకం ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే ఉంది. నెలకొకసారి ఫోను చేస్తుంది. ఫొటో సంగతి నేను అడగలేదు.